పక్క దీవికి వెళ్లాలంటే అంత ఖర్చెందుకు?

తూర్పు కరేబియన్‌లో విమాన చార్జీల గొడవ మళ్లీ రాజుకుంది. పక్క దీవికి టికెట్ కొనే డబ్బుతో ఒక్కోసారి అమెరికాలోని మయామీ వెళ్లిరావచ్చని ప్రయాణికులు మండిపడుతున్నారు. సీట్లు నిండకపోతే రేట్లు ఎలా తగ్గుతాయని విమాన సంస్థలు అడుగుతున్నాయి. మూతపడ్డ లియాట్ విమాన సంస్థ ఉద్యోగుల బకాయిల గొడవా ఇందులో భాగమే.

మన పల్లెలకు ఎర్రబస్సు ఎలాగో ఆ దీవులకు లియాట్ అలాగ. చావుకైనా పెళ్లికైనా, బార్బడోస్‌లో యూనివర్సిటీ చదువుకైనా అందులోనే వెళ్లేవారు. చిన్న పార్సిళ్లూ అందులోనే వచ్చేవి. 1956లో మాంట్సెరాట్ దీవిలో అది పుట్టిన కథ అందరూ చెప్పుకునేదే. ఇవాళ్టి తగాదాకు మూలం మాత్రం 2000లో ఉంది.

ఆ ఏడాది టెక్సస్ ధనికుడు అలెన్ స్టాన్‌ఫోర్డ్ ఆంటిగ్వా కేంద్రంగా కరేబియన్ స్టార్ అనే విమాన సంస్థ పెట్టాడు. లియాట్ తిరిగే రూట్లే, అదే రకం డాష్-8 విమానాలు. పోటీపడి రెండూ రేట్లు తెగ్గోశాయి. జనానికి చౌక ప్రయాణం దొరికింది, సంస్థలు మాత్రం నష్టాల్లో మునిగాయి. 2007లో బార్బడోస్, ఆంటిగ్వా, సెయింట్ విన్సెంట్ ప్రభుత్వాలు అప్పు తెచ్చి మరీ కరేబియన్ స్టార్‌ను లియాట్ చేత కొనిపించాయి. పోటీ పోయింది, అప్పు మిగిలింది, చార్జీలు పెరిగాయి. పెద్ద మోసం కేసులో స్టాన్‌ఫోర్డ్‌కు 2012లో 110 ఏళ్ల జైలుశిక్ష పడింది. అతను మొదలుపెట్టిన రేట్ల యుద్ధం ఖర్చు ప్రయాణికుల నెత్తిన పడింది.

దానిపైన పన్నులు. బార్బడోస్‌నే తీసుకోండి. లియాట్‌లో అప్పట్లో అతిపెద్ద వాటా దానిదే. అదే ప్రభుత్వం 2018లో కొత్త ప్రయాణ రుసుము పెట్టింది: దూర దేశాలకు 70 అమెరికన్ డాలర్లు, కారికామ్ అనే కరేబియన్ కూటమి దేశాలకు 35. లండన్ వెళ్లేవాడి రుసుములో సగం, అరగంట దూరంలోని సెయింట్ విన్సెంట్ వెళ్లేవాడూ కట్టాల్సి వచ్చింది. తిరుగు ప్రయాణంలో అక్కడి పన్ను వేరే. ఇలా పిండుతూ జనం ఎక్కడంలేదని వాపోతే ఎలా? డిమాండ్ దానంతటది చావలేదు, చంపారు.

లియాట్ విమానం దిగే దీవులు డజనుకు పైనే ఉండేవి. డబ్బు పెట్టినవి మాత్రం మూడు, 2013లో డొమినికా చేరాక నాలుగు. సరిగ్గా నడవని సంస్థలో ప్రజాధనం పోయలేమన్నది డబ్బు పెట్టని సెయింట్ లూసియా వాదన. నిజమే, 2013లో ఏటీఆర్ విమానాలకు మారేటప్పుడు ఆలస్యాలు, రద్దులతో లియాట్ జనాన్ని నానా అవస్థలు పెట్టింది. కానీ సర్వీసు వాడుకుంటూ ఖర్చులో పాలు పంచుకోకపోవడం న్యాయం కాదు.

2020లో కోవిడ్‌తో విమానాలు ఆగాయి. జూన్ చివర, సంస్థను మూసేస్తామని ఆంటిగ్వా ప్రధాని గాస్టన్ బ్రౌన్ ప్రకటించారు. తర్వాత ఆయనే మనసు మార్చుకున్నారు. సంస్థను కోర్టు నియమించిన నిర్వాహకుడి చేతుల్లో పెట్టించి, అరకొరగా 2024 జనవరి దాకా నడిపించారు. అదే ఏడాది ఆగస్టులో నైజీరియాకు చెందిన ఎయిర్ పీస్ భాగస్వామ్యంతో ‘లియాట్ 2020’ ఎగిరింది.

పేరు పాతదే అయినా, కొత్త సంస్థకు పాత బకాయిలు అంటలేదు. ఏళ్లతరబడి పనిచేసిన వందలమందికి బకాయిలో కొంతే, అదీ నగదు, బాండ్లు, భూమి కలిపి ఇస్తామని ఆంటిగ్వా ముందుకొచ్చింది. దాన్ని సాయంగా చెబుతోంది. చట్టం ప్రకారం రావాల్సింది అడుగుతున్నాం తప్ప దయ కాదని ఉద్యోగ సంఘాలు అంటున్నాయి.