ఆహారం చుట్టూ అల్లుకున్న ఇంగ్లిష్ జాతీయాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: అర్థం తెలిస్తే చాలు, మాటలను అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

వాస్తవం: నేను దిద్దే వ్యాసాల్లో ఎక్కువ మంది పప్పులో కాలేసేది ఇక్కడే. 'పీస్ ఆఫ్ కేక్' అంటే నల్లేరు మీద నడక అని సరిగానే నేర్చుకున్న ఒక విద్యార్థి, రెండు పరీక్షలూ తేలికగా ఉన్నాయని చెప్పబోయి 'ది ఎగ్జామ్స్ వర్ టూ పీసెస్ ఆఫ్ కేక్' అని రాశాడు. వ్యాకరణం ప్రకారం అందులో తప్పు పట్టడానికేమీ లేకపోయినా, బహువచనం చేరగానే జాతీయం చెదిరిపోయి, పళ్లెంలో రెండు కేకు ముక్కలే మిగిలాయి. పరీక్షలు రెండైనా పదైనా 'ఎ పీస్ ఆఫ్ కేక్' అనే రాయాలి. అలాగే ఒక మాటను కొంత అనుమానంతోనే స్వీకరించాలని చెప్పడానికి బ్రిటన్‌లో 'పించ్ ఆఫ్ సాల్ట్' అని, అమెరికాలో ఎక్కువగా 'గ్రెయిన్ ఆఫ్ సాల్ట్' అని అంటారు. చెంచాడు ఉప్పు ఎక్కడా చెల్లదు.

అయితే జాతీయాల రూపం ఆదినుంచీ ఒకటేనని కాదు. 1546లో వెలువడిన ఇంగ్లిష్ రచయిత జాన్ హేవుడ్ సామెతల సంకలనంలో కేకును తినడం ముందు, ఉంచుకోవడం తరువాత వస్తాయి. ఒకదానికొకటి పొసగని రెండు లాభాలనూ కోరుకోవడమనే అర్థంలో నేటి వాడుకలో నిలిచినది 'హ్యావ్ యువర్ కేక్ అండ్ ఈట్ ఇట్' అనే తిరుగు వరుస. తర్కానికి హేవుడ్ వరుసే నయమనిపించినా, విద్యార్థుల చేత నేటి వరుసనే రాయిస్తాను.

అపోహ: ప్రతి జాతీయం వెనుకా ఒక ప్రాచీన గాథ ఉంటుంది.

వాస్తవం: గుట్టు రట్టు చేయడమనే అర్థంలో వాడే 'స్పిల్ ది బీన్స్' ప్రాచీన గ్రీకులు గింజలతో ఓటు వేసే పద్ధతి నుంచి పుట్టిందని నేనూ చాలాకాలం పాఠం చెప్పాను. కానీ ఈ ప్రయోగం కనిపించేది 20వ శతాబ్దపు తొలినాళ్ల అమెరికాలో. నడుమనున్న రెండు వేల ఏళ్లను కలిపే ఆధారమేదీ లేదు. నిజమైన కథ ఉన్నది తప్పు ఒప్పుకొని తల వంచడమనే అర్థమున్న 'ఈట్ హంబుల్ పై'కి. జింక పేగులు, కాలేయం వంటి లోపలి భాగాలను 'అంబుల్స్' అనేవారు. వాటిని పిండి పొరలో పెట్టి కాల్చి చేసే 'పై' అనే వంటకం పేరు, వినయాన్ని సూచించే 'హంబుల్' అనే మాటతో ధ్వనిలో కలవడం వల్ల ఈ శ్లేష పుట్టింది. ఆ రెండు మాటల మూలాలకు చుట్టరికం లేదు.

అపోహ: జాతీయంలోని పదార్థం మనకు తెలిసిన పదార్థమే.

వాస్తవం: ఒకరికి మేలు చేసేది ఇంకొకరికి చేటు కావచ్చనే అర్థంలో 'వన్ మ్యాన్స్ మీట్ ఈజ్ అనదర్ మ్యాన్స్ పాయిజన్' అన్నప్పుడు 'మీట్' మాంసం కాదు, పాత ఇంగ్లిష్‌లో ఏ ఆహారానికైనా అదే మాట. ఇక పెద్ద మనిషిని 'బిగ్ చీజ్' అనడంలో ఉన్నది జున్ను కాదని, వస్తువు అనే అర్థంలో పర్షియన్ నుంచి ఉర్దూలోకి వచ్చిన 'చీజ్' అని నిఘంటుకారులు చాలామంది భావిస్తున్నారు.