1952లో సగం మందే ఓటేశారా? ఆ శాతం వెనక లెక్క

ఎన్నికలొచ్చాయంటే అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఏ టీ బంకులో నిలబడినా ఈ మాట వినబడుతుంది, మా తాతల కాలంలో ఓటంటే ఎవరికి పట్టింది, సగం మంది కూడా పోలేదంట అని. 1952లో దేశం మొత్తమ్మీద పోలింగ్ 45 శాతం దగ్గరే ఉందన్నది నిజమే. కానీ కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి సొంత బావ, కాంగ్రెస్ నాయకుడు నీలం సంజీవరెడ్డిని ఇదే అనంతపురంలో ఓడించింది కూడా ఆ ఎన్నికల్లోనే, అలాంటి పోటీ జనానికి పట్టలేదంటే నాకైతే నమ్మబుద్ధి కాదు.

అసలు తిరకాసు లెక్కలో ఉంది. అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులు, ఒకటి జనరల్ సీటు, ఒకటి రిజర్వుడు. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు, 1955 ఆంధ్ర ఎన్నికల్లో 196 సీట్లకు నియోజకవర్గాలు 167 మాత్రమే, అంటే 29 చోట్ల ఓటరుకు రెండేసి ఓట్లు, రెండూ ఒకే అభ్యర్థికి వేయకూడదు. ఉదాహరణకు లక్షమంది ఓటర్లున్న చోట 60 వేలమంది వచ్చారనుకోండి. 50 వేలమంది రెండు ఓట్లూ వేసి, 10 వేలమంది ఒక్కటే వేస్తే మొత్తం 1,10,000 ఓట్లు. లక్షతో భాగిస్తే 110 శాతం! రెండు లక్షలతో భాగిస్తే 55. వచ్చిన మనుషులు మాత్రం 60 శాతం. పాత పట్టికల్లో ఏ లెక్క వాడారో చూడకుండా ఇప్పటి శాతంతో పోల్చడం దండగ. ఈ ఇద్దరు సభ్యుల పద్ధతిని 1961లో ఎత్తేశారు.

జాబితాలో పేరే లేనివాళ్ల సంగతి ఇంకొకటి. 1952కి ముందు సుమారు 28 లక్షలమంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పక ఫలానావాడి భార్య అనో, కూతురు అనో రాయించుకుంటే (ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో) ఆ పేర్లు కొట్టేశారు. వాళ్లు ఓటేయలేదు, వేయనివాళ్ల లెక్కలోకీ రాలేదు.

1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగాక పోలింగ్ 64 నుంచి 62 శాతానికి తగ్గింది, ఓటేసినవాళ్లు మాత్రం 24 కోట్ల నుంచి దాదాపు 31 కోట్లకు పెరిగారు. మొన్న 2024లో మన రాష్ట్రానికి ఈవీఎంలలో 80.66, పోస్టల్ కలిపితే 81.86 శాతం, ఎవరికి కావాల్సింది వాళ్లు చెప్పుకున్నారు.

ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకో, బెంగళూరు పనులకో పోయి పోలింగ్ రోజుకు రాలేకపోయినవాళ్లు ఈ లెక్కలో ఓటేయనివాళ్లే. చనిపోయి ఏళ్లవుతున్నా జాబితాలో పేరు తీయని మా వీధి తాత కూడా అంతే.