గంట తాడు, ఐఆర్‌క్యూ 5

బెంగళూరు పీణ్యాలో యంత్రాల మరమ్మతు చూసే అనంతపురం కుర్రాడు ఒకరు అడిగారు: "సార్, పీసీ/104 కంప్యూటర్ బోర్డు మీద సీరియల్ కార్డు ఒక్కటే ఉంటే బాగానే నడుస్తోంది. దానిమీద ఎనలాగ్ కార్డు గుచ్చితే కాసేపటికి రెండూ మూగబోతున్నాయి. రెండింటి జంపర్లూ (లైను ఎంచుకునే చిన్న క్లిప్పులు) ఐఆర్‌క్యూ 5 మీదే ఉన్నాయి. కార్డు పోయిందా?"

పోలేదు. పీసీ/104 అంటే 1984 నాటి ఐబీఎం ఏటీ కంప్యూటర్‌లోని ఐఎస్ఏ బస్సే, అంటే కార్డులను కలిపే తీగల వరసే. అదురుకి ఊడిపోకుండా 104 పిన్నులతో కార్డు మీద కార్డు గుచ్చేలా మార్చి 1992లో ప్రమాణం చేశారు. అడ్రస్, డేటా లైన్ల సంగతి ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. అసలు గుట్టంతా ఇంటరప్ట్ లైనులో, అంటే కార్డు ప్రాసెసరును పిలిచే తీగలో ఉంది. ఐఆర్‌క్యూ 5 అలాంటి తీగల్లో ఒకటి. మన కాలేజీల్లో దానికి రెండు మార్కుల ప్రశ్న విలువే ఇస్తారు!

పాత సిటీ బస్సుల్లో గంట తాడు ఉండేది. ఎవరైనా లాగొచ్చు, వదిలేస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి తీసుకుంటుంది. పదిమంది ఒకేసారి లాగినా తగువు రాదు, ఎందుకంటే ఎదురు లాగేవాడు లేడు. మామూలు ఐఎస్ఏ కార్డు అలా కాదు. పనిలేనప్పుడు కూడా లైనును 0 వోల్టుల దగ్గర బలంగా అదిమిపెడుతుంది. పక్క కార్డు 5 వోల్టులకు లేపబోతే రెండు ట్రాన్సిస్టర్లూ కుస్తీ పడతాయి. షేరింగ్‌కు వీలున్న పీసీ/104 కార్డులు మాత్రం లేపడమో, చెయ్యి వదిలేయడమో చేస్తాయి. కిందికి దించే పని రెసిస్టరుది. స్ప్రింగు అదే.

మరి చిక్కెక్కడ? ఏటీలో ఈ పిలుపులను అందుకునే 8259 చిప్‌ను మామూలుగా అంచు మీద పనిచేసేలా పెడతారు. తాడు కదిలిన క్షణాన్నే పట్టించుకుంటుంది, లాగి పట్టుకుని ఉంటే లెక్కచెయ్యదు. సీరియల్ కార్డు లైను లేపింది. సాఫ్ట్‌వేర్ దాని పని చూస్తుండగానే ఎనలాగ్ కార్డు కూడా లేపింది. సీరియల్ వదిలేసినా లైను పైనే ఉంది. కింద పడితే కదా మళ్లీ లేచేది! కొత్త అంచు రాదు, ఇక గంట మోగదు. సాఫ్ట్‌వేర్ రెండు కార్డులనూ అడిగి, రెండూ "లేదు" అనేదాకా తిరిగితేనే లైను దిగుతుంది. ఐఎస్ఏ తర్వాత వచ్చిన పీసీఐ బస్సులో ఈ బాధ లేదు. అక్కడ లైను కింద ఉన్నంతసేపూ పిలుపు ఉన్నట్టే.

ఆ రెసిస్టరుకి ఓ ఖరీదుంది. రెసిస్టరు 4.7 కిలో ఓమ్‌లు, లైను కెపాసిటెన్స్ 100 పికోఫారడ్‌లు అనుకుంటే, లైను ఎంత నెమ్మదిగా దిగుతుందో చెప్పే కాలస్థిరాంకం 470 నానోసెకన్లు, అంటే 8 మెగాహెర్ట్జ్ బస్సులో దాదాపు 4 క్లాకులు. డేటా లైన్లను ఇలా వదిలెయ్యనిది అందుకే.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో కొందరు "ఈ స్లాటు అచ్చిరాలేదు, మార్చి చూడు" అంటారు. ఐఎస్ఏలో ఇది ఉత్త నమ్మకం: ఏ స్లాటుకైనా అవే తీగలు. కాంటాక్టు మురికి వదిలితే వదలొచ్చు, అంతే. కానీ పీసీఐలో ఇంటరప్ట్ లైన్లను స్లాటు స్లాటుకీ తిప్పి కలుపుతారు, కాబట్టి అక్కడ స్లాటు మార్చడం నిజంగానే పనిచేయొచ్చు. నవ్వినవాళ్లం కాస్త తగ్గాలి.

ఆ అబ్బాయికి సలహా: ఎనలాగ్ కార్డు జంపర్‌ను ఐఆర్‌క్యూ 10కో 11కో మార్చండి. కార్డుకి 64 పిన్నుల కనెక్టరు ఒక్కటే ఉంటే ఆ రెండూ రావు, అవి 40 పిన్నుల భాగంలో ఉంటాయి. అప్పుడు బయోస్ సెట్టింగుల్లో ప్రింటర్ పోర్టు ఆపేసి, అది వాడే ఐఆర్‌క్యూ 7 వాడుకోండి.