పక్కింటాయన పాత కారు

తెనాలి

చి. బుజ్జికి, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో బుజ్జి అడిగిన దానికి ఉత్తరం రాస్తానన్నాను కదా. అమెరికాలో మీరుండే ట్రాయ్‌ ఊళ్లో మీ పక్కింటాయన గరాజ్‌లో ఉన్నది 1963 నాటి కార్వెట్ స్టింగ్‌రే కారు. మీ నాన్న కొత్త కారు కన్నా దాని ఖరీదు చాలా ఎక్కువ. అయినా ఆయన కట్టే ఇన్సూరెన్స్ మీ నాన్న కట్టేదాంట్లో సగం కూడా లేదట. ఇదెక్కడి లెక్క తాతయ్యా అన్నావు.

మీ నానమ్మ పెళ్లి పట్టుచీర గుర్తుందా? బీరువాలో అడుగున, పాత పంచెలో చుట్టి ఉంటుంది. పెళ్లిళ్లకూ వ్రతాలకూ తప్ప బయటికి రాదు. అది కట్టుకుని నానమ్మ ఏనాడూ పొయ్యి దగ్గరికి వెళ్లలేదు, బస్సెక్కలేదు. మేకుకు తగిలి చిరిగేది రోజూ కట్టే నూలు చీరే. ఇన్సూరెన్స్ కంపెనీ కూడా ఖరీదు ఒక్కటే చూడదు. ఎన్నిసార్లు బయటికొస్తుంది, ఎవరి చేతిలో ఉంటుంది అనీ అడుగుతుంది.

అందుకే ఇలా అపురూపంగా దాచుకునే పాత కార్ల పాలసీకి షరతులెక్కువ. తాళం వేసే గరాజ్ ఉండాలి. ఆఫీసుకీ కిరాణా కొట్టుకీ తిప్పకూడదు, వాటికి ఇంకో కారుండాలి. పదహారేళ్ల కుర్రాడికి తాళంచెవి ఇస్తామంటే చాలా కంపెనీలు ఒప్పుకోవు. అన్నయ్య పేరు చేరగానే మీ నాన్న బిల్లు ఎందుకు పెరిగిందో ఇప్పుడు తెలిసిందా? (ఈ ముక్క వాడికి చదివి వినిపించకండి.)

చీరను ఇంకాస్త సాగదీస్తాను. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె మా వీధిలోకి వచ్చేది. పట్టుచీర చూపించినా "పాతదేగా" అని ఒక గిన్నె చేతిలో పెట్టేది. జరీ కొనేవాడు తూకం వేసి ఇంకో ధర చెప్పేవాడు. నానమ్మ ధర మూడోది. మామూలు కారు పాలసీ ఆ స్టీలు సామానామె పద్ధతే, ఏటేటా తరుగు తీస్తుంది. మన దేశంలో అయితే అయిదో ఏడు నడిచేసరికి సగం విలువ పోయినట్టే లెక్క. పాత కారుకు అలా కాదు. "ఇది పోతే ఇంత ఇస్తాం" అని ఇద్దరూ ముందే రాసుకుంటారు. అగ్రీడ్ వాల్యూ అంటారు దాన్ని. అంకె పెద్దదైతే ప్రీమియమూ పెరుగుతుంది. కారు ధర పెరిగినా అంకె మార్పించుకోకపోతే మాత్రం పాత అంకే దిక్కు.

చీర పోలిక ఇక్కడ తెగిపోతుంది. చీర ఎవరినీ గుద్దదు! కారు గుద్దితే అవతలివాళ్లకు కట్టాలి, ఆ భాగం పాత కారుకూ తప్పదు.

మా చిన్నప్పుడు ఒక డాక్టరుగారికి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. బానెట్టూ మడ్‌గార్డులూ కలిసి ఒక్కసారే ముందుకు లేచేవి. స్టార్ట్ కాకపోతే మేమే తోసేవాళ్లం, కూలీగా సందు చివరిదాకా ఎక్కించుకునేవారు. ఆయన పోయాక ఇంట్లోవాళ్లు దాన్ని పాత ఇనుముకు అమ్మేశారు. అప్పట్లో పాతదంటే పాతదే. ఇప్పుడు ఇక్కడా యాభై ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా రిజిస్టర్ చేయించి, 'వీఏ' అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే అవతలివాళ్ల నష్టం కోసం కట్టేది, సగమే. కాకపోతే రోజూ రోడ్డెక్కించకూడదు. పాతవాటిని పారేసే ముందు కాస్త ఆగాలర్రా, మీ తాతయ్యతో సహా.

ఆ కార్వెట్ వెనక అద్దం చూశారా? మధ్యలో గీతలా పట్టీ ఉండి రెండు ముక్కలుగా ఉంటుంది. వెనక సరిగ్గా కనబడటం లేదని 1964లో ఒకే అద్దం చేశారు. అందుకే ఆ ఒక్క ఏడాది బండికి అంత గిరాకీ. దాని ఒళ్లు ఇనుప రేకు కాదు, ఫైబర్‌గ్లాస్. రేకుకు సొట్ట పడితే సుత్తితో లోపల్నుంచి కొట్టి తీస్తారు. ఇది పగులుతుంది, అతికి, అరగదీసి, మళ్లీ రంగు వేయాలి. ఆ పని తెలిసిన మెకానిక్‌లు తక్కువ, బిల్లు ఎక్కువ.

ఆగస్టు మూడో శనివారం మీ దగ్గర వుడ్‌వర్డ్ రోడ్డు మీద జరిగే పాత కార్ల ఊరేగింపు, డ్రీమ్ క్రూజ్‌కు ఆయన ఎలాగూ దాన్ని బయటికి తీస్తారు. ముందు రోజే వెళ్లి అడగండి. గట్టి అయస్కాంతం ఒకటి పల్చటి మెత్తని గుడ్డలో చుట్టి, మొదట మీ నాన్న కారు తలుపుకు ఆనించి చూడండి. తర్వాత పక్కింటాయన సరేనంటేనే, కార్వెట్ తలుపుకు. ఏమైందో నాకు రాయండి.

మీ తాతయ్య