గాల్లో రేడియో మూగబోతే: కొన్ని అపోహలు, అసలు సంగతులు

చిన్న విమానాలు నడపడం నేర్పడం నా పని. సొంతూరు నల్గొండ. పండక్కి ఇంటికొస్తే బంధువులు అడిగే ప్రశ్నలు, కొత్త విద్యార్థుల ప్రశ్నలు దాదాపు ఒకటే.

అపోహ: రేడియో పోయిందంటే విమానం కూలినట్టే.

వాస్తవం: సెస్నా 172 లాంటి విమానంలో ఇంజన్‌కు నిప్పురవ్వ మాగ్నెటోల (బ్యాటరీతో పనిలేకుండా, ఇంజన్ తిరుగుతుంటేనే కరెంటు పుట్టించే పరికరాలు) నుంచి వస్తుంది. బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ చచ్చినా ఇంజన్ ఆగదు. పోయేవి వేరే: ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) దిగవు, ఇంధనం గేజీలను నమ్మలేం, ట్రాన్స్‌పాండర్ (కంట్రోలర్ రాడార్‌కు మన కోడ్ పంపే పరికరం) ఆగిపోతుంది. ఫ్లాప్స్ లేనప్పుడు కాస్త ఎక్కువ వేగంతో దిగాలి, రన్‌వే కూడా ఎక్కువే పడుతుంది.

అసలు చాలాసార్లు రేడియో పోనే పోదు. వాల్యూమ్ తగ్గి ఉంటుంది, హెడ్‌సెట్ ప్లగ్ వదులై ఉంటుంది, ఫ్రీక్వెన్సీ తప్పు పెట్టి ఉంటారు. టెన్షన్ పడేముందు ఇవి చూడండి. మైక్ బటన్ ఇరుక్కుందేమో కూడా చూడాలి. అది ఇరుక్కుంటే ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న అందరి నోరూ మూసినట్టే.

అపోహ: ట్రాన్స్‌పాండర్‌లో 7600 కోడ్ పెడితే ఎక్కడికైనా దారి ఇస్తారు.

వాస్తవం: ఇది ప్రమాదకరమైన నమ్మకం. 7600 కంట్రోలర్‌కు చెప్పేది ఒక్కటే, రేడియో పనిచేయట్లేదని. అది అనుమతి పత్రం కాదు. మహబూబ్‌నగర్ వైపు నుంచి ఉత్తరానికి వస్తే ముందు తగిలేది శంషాబాద్ గగనతలం. ఇంకా ఉత్తరానికి వెళ్తే హకీంపేట, దుండిగల్ వైమానిక దళ స్థావరాలు. అనుమతి తీసుకోకముందే రేడియో పోతే అటు వెళ్లనే వద్దు. వాతావరణం బాగుంటే దక్షిణానికి తిరగండి. 44వ నంబరు హైవే, కృష్ణా నది, సాగర్ జలాశయం పైనుంచి స్పష్టంగా కనిపిస్తాయి. నేల కనపడేలా ఎగురుతూ దగ్గర్లోని అనువైన ఎయిర్‌ఫీల్డ్‌లో దిగి, వెంటనే ఏటీసీకి (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు) ఫోన్ చేయండి. అప్పటికే అనుమతితో లోపల ఉంటే, చెప్పిన దారి, చెప్పిన ఎత్తు వదలొద్దు. మీరు తర్వాత ఏం చేస్తారో కంట్రోలర్ ఊహించగలగాలి. సొంత తెలివితో అడ్డదారి పట్టారా, ఆ ఊహ తప్పుతుంది.

అపోహ: మనకు వినపడట్లేదంటే మన మాట కూడా పోదు.

వాస్తవం: రిసీవర్ ఒక్కటే పాడై ఉండొచ్చు. ఎక్కడున్నారో, ఎంత ఎత్తులో ఉన్నారో, ఏం చేయబోతున్నారో రెండుసార్లు చెప్పండి. జవాబు రాకపోయినా సరే.

అపోహ: టవర్ చూపించే లైట్లు పాతకాలం ముచ్చట.

వాస్తవం: రేడియో లేనప్పుడు అవే దిక్కు. గాల్లో ఉన్నవారికి నిలకడైన ఆకుపచ్చ అంటే దిగొచ్చు. నిలకడైన ఎరుపు అంటే వేరేవాళ్లకు దారిచ్చి చుట్టూ తిరుగుతూ ఉండాలి. మిణుకుమిణుకుమనే ఎరుపు అంటే దిగొద్దు. అర్థమైందని చెప్పడానికి పగలైతే రెక్కలు ఊపాలి, రాత్రయితే ల్యాండింగ్ లైట్లు రెండుసార్లు వెలిగించి ఆర్పాలి.

ఇక ఫైటర్ విమానం పక్కకొస్తే? మా కుర్రాళ్లకు సినిమా గుర్తొస్తుంది. తప్పించుకోవాలని చూడొద్దు. మీరూ రెక్కలు ఊపి దాని వెంట వెళ్లండి, అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5లో మాట్లాడేందుకు ప్రయత్నించండి, ట్రాన్స్‌పాండర్ బతికుంటే అత్యవసర కోడ్ 7700 పెట్టండి.