"నాన్న డ్యూటీ మీద వైజాగ్ వెళ్లాడు" అని చెప్పకండి

భార్యాభర్తలు విడిపోతూ ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లు నాతో తరచూ అనే మాట: "పాపకింకా ఏమీ తెలియదండీ. వాళ్ల నాన్న డ్యూటీ మీద వైజాగ్ వెళ్లాడని చెప్పాం."

పిల్లలకు తెలుసు. తలుపేసుకుని మీరు లాయరుతో మాట్లాడడం, అమ్మమ్మ కళ్లు తుడుచుకోవడం, బీరువాలో నాన్న చొక్కాలు లేకపోవడం, అన్నీ గమనిస్తారు. తెలియనిది కారణమే. మీరు చెప్పకపోతే సొంతంగా ఒకటి ఊహించుకుంటారు. చిన్నపిల్లలైతే చాలాసార్లు తప్పు తమదే అనుకుంటారు.

రెండో తరగతి పాప ఒకతి అరగంట బొమ్మలు గీసి, లేచి వెళ్తూ అడిగింది: "నేను బడి మానేస్తే ఫీజు కట్టక్కర్లేదు కదా ఆంటీ, అప్పుడు నాన్న వచ్చేస్తాడా?" ఇంట్లో తను విన్న చివరి గొడవ ఫీజు గురించట. ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి మావాణ్ణి అడిగాను, మేం గొడవపడ్డప్పుడు నీవల్లే అనుకున్నావా అని. తలూపాడు. నేను చేసేది ఈ పనే, అయినా అంతవరకూ అడగాలని తోచలేదు.

వీలైతే ఇద్దరూ కలిసి చెప్పండి. "అమ్మా నాన్నా ఇకనుంచి వేరే ఇళ్లలో ఉంటాం. నువ్వేదో చేశావని కాదు. నీ బడి మారదు. ఆదివారం నాన్న వస్తాడు." వస్తాడన్న నమ్మకం లేకపోతే ఆ చివరి మాట అనకండి. పిల్లలు మళ్లీ మళ్లీ అడుగుతారు, విసుక్కోకుండా అదే చెప్పండి. తప్పెవరిదన్న పంచాయితీ వాళ్ల ముందు వద్దు.

"అయిదేళ్లు నిండగానే బిడ్డను తండ్రికి ఇచ్చేస్తారు" అన్నది వట్టి పుకారు. అది విని నిద్ర మానేసిన తల్లులను చూశాను. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. ఆ తర్వాత కూడా కోర్టు చూసేది బిడ్డ క్షేమమే. పుట్టినరోజు దాటిందని ఎవరూ వచ్చి తీసుకుపోరు.

నాన్న దగ్గర్నుంచి వచ్చి ఏడిస్తే అక్కడేదో జరిగిందనే అనుకోకండి. ఆరా తీయకుండా ముందు అన్నం పెట్టండి. కొట్టారనో, భయమేసిందనో చెబితే మాత్రం ఆ రోజే లాయరుకు చెప్పండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

నిద్రపట్టకపోవడం, పక్క తడపడం, బడికి వెళ్లననడం వారాల తరబడి సాగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.