హ్యాండిచ్చినవాడు సాయం చేశాడా, ముంచాడా?

నేను స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. బోర్డు మీద 'లెండ్ ఎ హ్యాండ్' అని రాసి అర్థం అడిగితే, ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరైనా "హ్యాండ్ లోన్, మేడమ్" అంటారు. చేబదులు తెలిసిన బుర్రకు అంతకంటే ఏం తడుతుంది!

అపోహ: లెండ్ అంటే అప్పు, కాబట్టి ఇది డబ్బు మాట.
వాస్తవం: ఇక్కడ అప్పిచ్చేది చేతిని, అదీ కాసేపే. బీరువా జరపాలన్నా, బస్సు మీంచి మూట దించాలన్నా "కాస్త ఓ చెయ్యి వెయ్యరా" అంటామే, అదే ఇది. భూతకాలంలో 'లెంట్' అవుతుంది, 'లెండెడ్' కాదు. తెలుగులో ఇచ్చినా పుచ్చుకున్నా అప్పే గనక 'బారో'తో కలిపేస్తుంటారు. ఇచ్చేది లెండ్, తెచ్చుకునేది బారో.

అపోహ: 'హీ గేవ్ మీ ఎ హ్యాండ్' అంటే నాకు హ్యాండిచ్చాడని.
వాస్తవం: పూర్తిగా తలకిందులు. ఒకసారి మాక్ ఇంటర్వ్యూలో ఓ కుర్రాడు ప్రాజెక్టు గురించి చెబుతూ, "లాస్ట్ మినిట్‌లో మై ఫ్రెండ్ గేవ్ మీ ఎ హ్యాండ్" అన్నాడు. "మంచి స్నేహితుడే" అన్నాను. "మంచోడేంటి మేడమ్, మధ్యలో వదిలేసి పోయాడు!" అని మొహం మాడ్చుకున్నాడు. తెలుగులో చెయ్యిస్తే ముంచినట్టు, ఇంగ్లిష్‌లో ఆదుకున్నట్టు. వాడి బాధకు సరిపోయే మాట 'లెట్ మీ డౌన్'. మనం 'చెయ్యి చేసుకున్నాడు' అనే దాన్ని ఇంగ్లిష్‌లోకి ఎలా దించుతారోనని నాకు ఇప్పటికీ భయమే.

అపోహ: ఆ చిన్న 'ఎ' లేకపోయినా పర్లేదు.
వాస్తవం: అసలు కీలకం అక్కడే ఉంది. 'గివ్ మీ ఎ హ్యాండ్' అంటే సాయం చెయ్యమని. 'గివ్ మీ యువర్ హ్యాండ్' అంటే నిజంగానే చెయ్యి ఇలా అందించమని. స్టేజీ మీద 'గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్' అంటే చప్పట్లు కొట్టమని. 'ఆస్క్‌డ్ ఫర్ హర్ హ్యాండ్' అంటే మాత్రం పిల్లనడిగినట్టే, అంటే మన పాణిగ్రహణం దాకా పోతుంది వ్యవహారం.

అపోహ: ఇది ఇంటి మాట, ఆఫీసులో పనికిరాదు.
వాస్తవం: సహోద్యోగికి 'కుడ్ యు గివ్ మీ ఎ హ్యాండ్ విత్ దిస్ రిపోర్ట్?' అని రాస్తే నిక్షేపంగా ఉంటుంది. ఏ పనిలోనో చెప్పేటప్పుడు 'విత్' వాడండి. అధికారిక లేఖలో అయితే 'అసిస్ట్' మేలు. ఎవరికైనా మీరే సాయం చేయాలనుకుంటే 'నీడ్ ఎ హ్యాండ్?' అంటే చాలు. 'ఐ కెన్ మేనేజ్' అన్నారంటే అక్కర్లేదని, పక్కకు తప్పుకోండి.